మంచం ఎటు?

"ఈయన ముందట వాస్తు మాట ఎత్తకు, నీకు దండం పెడతా," అన్నాడు సృజన్ భార్యతో, మాస్కు చాటు నుంచి. "కరోనాల ఆర్నెల్లు తిరిగితే ఈ జర్మనీల, డెగ్గెన్‌డార్ఫ్ ఊరు మొత్తానికి ఈ ఒక్క మేస్త్రీ దొరికిండు. నవ్వి పోయిండంటే ఈ పశువుల కొట్టం ఇల్లయ్యేది లేదు."

"మరి పడకగది నైరుతిలనే ఎందుకని ఆయన అడిగితే?" అంది ఈషా.

"సాయంత్రం ఎండ బాగొస్తదని చెప్తా. ఇంజనీర్ని కదా!"

అంతలో హుబర్ మేస్త్రీ టేపు చుట్టేసి, సంచిలోంచి పంగలకర్ర తీశాడు. రెండు చేతులా పట్టుకుని నైరుతి మూలకు నడిచాడు. కర్ర కొస కిందికి వంగింది.

సృజన్ నోరు తెరిచాడు. ఊళ్లో బోరు వేసేముందు వేపకర్రతో నీళ్లు చూసే పెద్దాయన గుర్తొచ్చాడు.

"కింద నీళ్ల ఊట ఉంది," అన్నాడు హుబర్ గంభీరంగా. "ఊట మీద పడుకుంటే ఒంటికి మంచిది కాదు. మంచం ఇక్కడ వద్దు, కాస్త అవతల వేసుకోండి. తల ఉత్తరానికి పెట్టుకుంటే హాయిగా నిద్రపడుతుంది."

"ఉత్తరానికా? అస్సలు కుదరదు!" అని జర్మన్‌లో అరిచింది సృజనే.

హుబర్ నవ్వలేదు. చెక్కపెట్టె మీద కూర్చుని, చెవి మీది పెన్సిలు అందుకున్నాడు. "మీ వైపు ఎటు పెట్టుకుంటారు? ఎందుకు?"

"చెప్పు, ఇంజనీరూ," అంది ఈషా, పొంగుకొస్తున్న నవ్వు ఆపుకుంటూ.