టీ మీద సుంకం

"మాఫీ మాట మట్టుకు ఎత్తకు తమ్ముడూ," అంది ఎలీసమ్మ. "తొమ్మిదొందల దినార్లిచ్చాను. తొమ్మిదొందలూ నా చేతిలో పెట్టాలి."

చినబాబు తల వంచుకున్నాడు. కువైట్‌లోని అబ్బాసియాలో గౌస్ టీకొట్టు ముందు శుక్రవారం జనం కిటకిటలాడుతున్నారు. చర్చిలో ప్రార్థన ముగించుకుని వచ్చిన ఎలీసమ్మ కుర్చీ చూపించినా కూర్చోలేదు. అరబ్బుల ఇళ్లలో పరాయి పిల్లల్ని పెంచి పెంచి కూడబెట్టిన సొమ్ము ఆవిడది. కిందటేడు ఓ కంపెనీ మూతపడింది. జీతాల్లేక, ఇక్కడ ఉండేందుకిచ్చే ఇఖామా గడువు దాటి, మనవాళ్లు కొందరు ఇరుక్కుపోయారు. వాళ్ల జరిమానాలు కట్టి టిక్కెట్లు కొనడానికి ఇక్కడి కోనసీమవాళ్ల సంఘం ఆవిడ దగ్గర అప్పు చేసింది. సంఘానికి పెద్ద చినబాబు. మాట ఇచ్చింది అతనే. వచ్చే ఈస్టరుకి ఆవిడ ఇక్కడి పని ఖలాస్ చేసుకుని, ఇక తిరిగి రాకుండా ఊరు వెళ్లిపోతోంది.

ఇప్పుడు మళ్లీ ఇద్దరు ఆడకూతుళ్లు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ ఇంట్లోంచి బయటపడి, టిక్కెట్టుకి డబ్బుల్లేక సంఘం వైపు చూస్తున్నారు. చినబాబు ఎవరినడిగినా ఒకటే జవాబు. నర్సు సత్యదుర్గ అయితే మొహం మీదే చెప్పింది, ముందు ఎలీసమ్మ అప్పు తీర్చి ఆ తర్వాత తన గుమ్మం తొక్కమని. ఈ అప్పు మునిగిందంటే సంఘానికి ఇక పైసా పుట్టదు. ఆ ఇద్దరి గతీ అంతే.

చినబాబు ఫహాహీల్‌లో ఓ స్కాట్లాండు ఇంజినీరు దగ్గర వంటవాడు. పులుసులో ఉప్పు రెండుసార్లు పడిన రోజున సారు అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి సంగతేమిటని అడిగాడు. విని నవ్వాడు. మా ఊరూ ఒకప్పుడు ఇలాగే అప్పులో మునిగిందని చెప్పాడు.

వాళ్లది సముద్రం ఒడ్డున చిన్న పట్నం. వందల ఏళ్ల కిందట ఓడరేవు గోడ కూలితే పట్నం సంఘం ఊళ్లోవాళ్ల దగ్గరే అప్పు చేసి కట్టించింది. కట్టడమైతే కట్టింది గానీ తీర్చే దారి లేదు. ఇళ్ల మీద పన్ను వేస్తే పేదవాడు చస్తాడు. అందుకని ఊళ్లో అమ్మే సారా మీద, ముంతకి ఇంతని చిన్న సుంకం వేశారట. సంఘం పెద్దలు ముందు తమ విందులు మానుకున్నారట. ఎన్ని ఇబ్బందులొచ్చినా వడ్డీ మాత్రం రోజు దాటనివ్వలేదట. అప్పు తీరడానికి ఒక తరం పట్టింది. మాట మాత్రం పోలేదు. ఆ తర్వాత ఆ సంఘం చెయ్యి చాస్తే కాదన్నవాడు లేడట.

అంత పాతకాలపువాళ్లు అంత నిబ్బరంగా ఎలా ఉన్నారా అని చినబాబు వారం రోజులు ఆశ్చర్యపోయాడు. కువైట్‌లో సారా లేదు. టీ ఉంది.

మరుసటి శుక్రవారం గౌస్ గల్లాపెట్టె పక్కన ఖాళీ పాలపొడి డబ్బా వెలిసింది. గ్లాసు టీకి పాతిక ఫిల్సులు, అంటే దినారులో నలభయ్యో వంతు, అందులో వెయ్యాలి. సంఘం పెద్దలు నెలనెలా తినే బిర్యానీ మానేసి ఆ డబ్బూ అందులోనే వేశారు.

"టీ మీద సుంకవేటండీ, ఈయనేవన్నా గవర్నమెంటా?" అన్నాడు సంఘంలోని బుజ్జిబాబు.

"టీ మానెయ్, సుంకం ఉండదు," అన్నాడు చినబాబు.

బుజ్జిబాబు ఆలోచించి ఇంకో గ్లాసు చెప్పాడు. అందరూ నవ్వారు.

డబ్బా నిండుతోంది గానీ నత్తనడకే. క్రిస్మస్ దాటేసరికి సగం కూడా కాలేదు. అప్పటినుంచి ఓ వింత మొదలైంది. శుక్రవారం సాయంత్రం డబ్బా బోర్లిస్తే చిల్లరలోంచి మడతపెట్టిన పదేసి దినార్ల నోట్లు రాలేవి.

అది సారు పనేనని చినబాబుకి అర్థమైంది. తన ఊరి పద్ధతి ఎలా సాగుతోందో చూద్దామని సారు శుక్రవారాలు అబ్బాసియా రావడం మొదలుపెట్టాడు. డబ్బా పక్కనే నిలబడి టీ తాగి వెళ్లేవాడు. గుప్తదానాన్ని రచ్చకెక్కించకూడదని చినబాబు నోరు మెదపలేదు.

ఎలీసమ్మా వారం వారం వచ్చేది. డబ్బా ఎత్తి, చెవి దగ్గర ఊపి, పెదవి విరిచేది. గౌస్ టీ పోయబోతే వద్దనేది.

"తాగితే సుంకం కట్టాలిగా. నా అప్పు నేనే తీర్చుకోవాలా?"

ఆవిడ వెళ్లాక బుజ్జిబాబు గొణిగేవాడు, ఈవిడ పైకి పోయినా ఒక్క ఫిల్సు వదలదని. చినబాబు కసిరేవాడు గానీ అతనికీ మనసులో అదే ఉండేది.

ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టలాదివారం, దాని ముందు శుక్రవారానికి లెక్క సరిపోయింది. టీకొట్టు ముందు అందరూ చూస్తుండగా చినబాబు తొమ్మిదొందలూ ఆవిడ చేతిలో పెట్టాడు. ఎలీసమ్మ వేలు తడుపుకుని రెండుసార్లు లెక్కపెట్టి సంచిలో దోపుకుంది.

"సరిగ్గా ఉంది. సంఘం మాట నిలబెట్టుకుంది. అందరూ చూశారుగా," అని గట్టిగా చెప్పి కదిలింది.

వెనక నిలబడ్డ సత్యదుర్గ ముందుకొచ్చి, మూడొందల దినార్లు బల్ల మీద పెట్టింది. ఆ ఆడకూతుళ్లకి టిక్కెట్లు కొనమంది, తీర్చేటప్పుడే తీర్చమంది. ఆవిడ్ని చూసి ఇంకో ఇద్దరు జేబులు తడుముకున్నారు. చినబాబు ఆ నోట్లు తీసి కళ్లకద్దుకున్నాడు. సారు చెప్పిన ఆ పట్నం పెద్దలు ఎదురుపడితే కాళ్లకి మొక్కేవాడు.

ఈస్టరుకి ఎలీసమ్మ వెళ్లిపోయింది. ఆ మర్నాడు చినబాబు పూతరేకుల పళ్లెం సారు ముందు పెట్టి, ఇన్నాళ్లూ దాచుకున్న మాట బయటపెట్టాడు. మీ నోట్లే మా పరువు కాపాడాయన్నాడు. సారు తెల్లబోయాడు. తన గ్లాసుకి పాతిక తప్ప ఎన్నడూ ఎక్కువ వెయ్యలేదన్నాడు. ఎక్కువ వేస్తే అది సుంకం కాదు, బిచ్చమవుతుందన్నాడు.

పని ముగించుకుని చినబాబు బస్సెక్కి అబ్బాసియా చేరాడు. గల్లా దగ్గర పొద్దస్తమానం ఉండేది గౌస్ ఒక్కడే. ఆ నోట్లు ఎవరివో చెప్పమని నిలదీశాడు. గౌస్ పొంగుతున్న పాలకింద మంట తగ్గించి, చేతులు తుడుచుకున్నాడు.

"విమానం ఎక్కేదాకా చెప్పొద్దనిందన్నా, ఎలీసమ్మక్క."