కూకూ తాత

"పంది ఎదురొస్తే కూర్చో!"

గోవిందయ్య టీ అంగట్లో బెంచీ ఎక్కి మరీ చదివాడు చిన్నబ్బ.

చేతిలో అట్ట ఊడిన వేట నవల. వాళ్ల నాయన కాలం నాటిది. బంగారుపాళ్యం చుట్టుపక్కల నాటు తుపాకి పట్టినవాడెవడికైనా బడీ అదే, గుడీ అదే.

"ఎందుకు కూసోమన్నాడో తెలుసునా? మనం కూసుంటే పంది తల మింద నుంచి ఎగిరి అవతల పడతాది. ఏం బుర్రప్పా రాసినోడిది!"

మూలనున్న ముసలాయన టీ గ్లాసు కింద పెట్టాడు. ఆ పొద్దే బస్సు దిగిన కొత్త మనిషి. వేళ్ల కొసలు నల్లగా ఉన్నాయి.

"ఆడ ఇంగొక 'కు' ఉండాల నాయనా. కూర్చోకు. అచ్చులో పడలేదు."

"ఏం కు?"

"కూసోవద్దని. పక్కకు దూకాల, లేకుంటే చెట్టెక్కాల."

చిన్నబ్బ బెంచీ దిగాడు.

"నువ్వెన్ని పందుల్ని కొట్టినావు తాతా?"

"ఒక్కటీ లేదు."

"ఈ నవల నువ్వు రాసినావా?"

"లేదప్పా. రాసినాయన పోయి శానా కాలమైంది."

"పందినీ కొట్టలేదు, పుస్తకమూ రాయలేదు. ఈ 'కు' నీకు కలలోకొచ్చిందా?"

అంగడంతా గొల్లుమంది.

"మామిడి కాపు కాలమే. కుయ్యి కూకూ తాతా, ఇంగొక్కసారి కుయ్యి!"

ముసలాయన నడుముకు కట్టుకున్న గుడ్డ ముడి విప్పి, సన్నటి సీసం ముక్క ఒకటి తీశాడు.

"ఇది సూడప్పా, ఒక్కసారి..."

చిన్నబ్బ లటుక్కున లాక్కున్నాడు.

"ఓయబ్బ, సీసం! గుండుకు సరిగ్గా సరిపోతాది!"

"ఇయ్యి నాయనా. అది గుండు గాదు."

"పందిని కొట్టుకొచ్చినాక, కూరతో పాటు ఇస్తాలే పో!"

ముక్క జేబులో పడింది. అంగడి మళ్లీ నవ్వింది.

సాయంత్రం ముసలాయన చిన్నబ్బ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. చిన్నబ్బ లేడు. భార్య మునిరత్నమ్మ చెంబుతో నీళ్లిచ్చింది.

"ముక్క పోతే పోనీలేమ్మా. కూసోవద్దని మాత్రం మీ ఆయనకు చెప్పు. నీ మాటన్నా ఇంటాడేమో."

ఆమె చెప్పింది.

"నువ్వూ కూకూ పార్టీలో కలిసినావా?" చిన్నబ్బ పడీ పడీ నవ్వాడు.

మర్నాడు తెల్లవారుతూనే మామిడితోపులో పందిని కొట్టాడు. గుండు తొడకు తగిలింది. పంది వెనక్కి తిరిగి వాళ్ల మీదికే ఉరికింది.

వెంట వచ్చినవాళ్లు చెట్లెక్కేశారు.

"ఎక్కరా చిన్నబ్బా!"

"మీరు సదవలేదు గదరా!"

నవ్వుతూనే కూర్చున్నాడు.

చిత్తూరు ఆసుపత్రి చేరకముందే ప్రాణం పోయింది.

చొక్కా మునిరత్నమ్మ చేతికిచ్చారు. జేబులో సీసం ముక్క తగిలింది. ఆమె దాన్ని పిడికిట్లో పెట్టి బిగించింది. కాటికి ఎత్తుకుపోయేటప్పుడూ ఆ పిడికిలి విప్పలేదు.

"ఏందమ్మా అది?" చివరికి గోవిందయ్య అడిగాడు.

"ఆ తాతదన్నా. కూరతో పాటు ఇస్తానన్యాడంట."

గోవిందయ్య దాన్ని అందుకుని తిప్పి చూశాడు.

"ఇది గుండు సీసం గాదమ్మా. అచ్చాఫీసులో పేర్చేది. మా పాప పెండ్లి పత్రికలకు పోయినప్పుడు సూసినా."

కొసన ఏదో అక్షరం ఉంది. తిరగేసి ఉండడంతో అంతు చిక్కలేదు.

"ఆ ముసలాయన యాడుండాడు?" మునిరత్నమ్మ అడిగింది.

"తెల్లారి బస్సుకే పోయినాడంట. ముందరి ఊరోళ్లకు గూడా చెప్పాలని."

మునిరత్నమ్మ కళ్లు తుడుచుకోబోయి ఆగింది.

అరచేతిలో ఎర్రగా, లోతుగా, సరిగ్గా పడింది ఆ అక్షరం.

కు.

ఊరంతా నవ్వి పంపిన ఆ ముసలాయన నవల రాసినవాడు కాదు, దానికి అక్షరాలు పేర్చినవాడు. అప్పుడు పెట్టడం మరిచిన ఒక్కదాన్ని నడుముకు కట్టుకుని, ఊరూరా తిరుగుతున్నవాడు.