ఓడిపోని బామ్మ

"మళ్ళీ నువ్వే గెలిచావే," అంటూ తాతయ్య పేకముక్కలు మంచం మీద పడేశాడు.

ఇక నొప్పికి తప్ప మందుల్లేవని డాక్టరు చెప్పి ఈ వార్డుకు పంపినప్పటి నుంచి బామ్మ ఒక్క ఆటా ఓడిపోలేదు.

"ఏమండీ, పెళ్ళయ్యాక నన్నెప్పుడైనా గెలవనిచ్చారా?"

"ఇప్పుడు నీకు చెయ్యి తిరిగింది."

"ఈ చెయ్యి మంచినీళ్ళ గ్లాసే ఎత్తలేకపోతోంది. ఇందాక మీ కళ్ళద్దాల్లో రెండు జోకర్లు కనిపించాయి. రెండు జోకర్లు చేతిలో పెట్టుకుని ఓడిపోతారా? డాక్టరు చెప్పినప్పుడు కూడా నాకింత భయం వెయ్యలేదు."

"నిన్ను కష్టపెట్టకూడదని..."

"నేనింకా ఉన్నాను కదా. ఉన్న మనిషితో ఆడినట్టు ఆడండి. మీ దొంగాటతో సహా."

ఆయన ముక్కలు కలిపి పంచాడు. కాసేపటికే షో చెప్పాడు.

"ఆ ముక్క తొడ కింద నుంచి తీశారు."

"నువ్వు చూశావా?"

బామ్మ తిట్ల దండకం అందుకుంది. ఆ కేకలకు నర్సు ఇంజెక్షన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"నొప్పి ఎక్కువైందా బామ్మగారూ?"

"నొప్పి కాదమ్మా, ఓడిపోయాను. ఆ సూది కాసేపాగి వెయ్యి, నిద్రొచ్చేస్తుంది. ముందు ఈయన పని పట్టాలి."