డోలీ దింపేదాకా

"ఇతను అబద్ధం చెబుతున్నాడు. ఆ మాట అతనికి చెప్పండి," అన్నాడు ఆఫీసరు.

గాయత్రి ఫోను గట్టిగా పట్టుకుంది. జి.మాడుగుల దాటాక, కాఫీ తోటల నడుమ ఓ బండరాయి మీద కూర్చుని ఉందామె. ఊరి మొత్తానికి సిగ్నలు దొరికే చోటు అదొక్కటే. బడిలో పంతులమ్మ. ఈ పూట మాత్రం, పేరు పలకడానికి నోరు తిరగని ఏదో దేశపు ఆఫీసుకు దుబాసీ. ఫోను తెర మీద ఒక పక్క కోటు తొడుక్కున్న ఆఫీసరు, ఇంకో పక్క మాసిన దుప్పటి కప్పుకున్న భీముడు. అక్కడి పట్నం దుబాసీకి భీముడి ఏజెన్సీ తెలుగు ఒక్క ముక్క కొరుకుడు పడలేదట. వెతగ్గా వెతగ్గా ఈమె దొరికింది.

ఆ దేశానికి పక్క దేశంలో యుద్ధం. అక్కడ ఒంటెలు కాసుకుంటున్న భీముడూ, అతని బావమరిది ఫల్గుణుడూ, కాలు నుజ్జయిన ఓ మనిషిని వెంటబెట్టుకుని ఎడారి దాటి వచ్చారు. ఆ మనిషి ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. సరిహద్దు జవాన్లు ముగ్గురి పేర్లూ ఒకే కాగితం మీద ఎక్కించి, ఆశ్రయం దరఖాస్తు కింద పైకి పంపేశారు. చెప్పింది నిజమని తేలితే సరే. అబద్ధమని రాస్తే ముగ్గుర్నీ వచ్చిన దారినే ఆ మంటల్లోకి తోసేస్తారు.

పాస్‌పోర్టులేవని ఆఫీసరు ముందే అడిగాడు.

"ఒంటెల సావుకారు గుంజుకున్నాడమ్మా," అన్నాడు భీముడు. "రేత్రయితే మమ్మల్ని కొట్టంలో ఎట్టి తాళమేసేవోడు. బాంబు పడి తలుపు ఊడిపోనాది. అప్పుడు బయటికొచ్చినాం."

అంతవరకూ ఆఫీసరు రాసుకున్నాడు. పేచీ అంతా ఆ తర్వాతే. అరవై కిలోమీటర్ల ఇసుక, మూడు రాత్రులు, నడవలేని మనిషి. బండి లేకుండా కుదరదన్నాడు. మనుషుల్ని దొంగతనంగా దాటించే ముఠా ఏదో ఉంది, ఆ బండి ఎవరిదో చెప్పి తీరాలన్నాడు.

"బండెక్కడిదమ్మా? డోలీ కట్టి మోసినాం."

డోలీకి ఇంగ్లీషు మాట గాయత్రికి తట్టలేదు. ఒక కర్ర, ఒక దుప్పటి, ఇద్దరు మనుషులు అని చెప్పింది. ఆఫీసరు పెదవి విరిచాడు. రోడ్డు లేని ఊరి నుంచి పురిటి నొప్పులతో తాను డోలీలోనే ఆసుపత్రికి వెళ్లానని అరిచి చెప్పాలనిపించింది ఆమెకు. కానీ దుబాసీ సొంత మాట ఒక్కటీ కలపకూడదు. నాలుక చివరిదాకా వచ్చినదాన్ని మింగేసింది.

ఎలా మోశారో చూపించమన్నాడు ఆఫీసరు. భీముడు లేచి భుజం మీది దుప్పటి తీశాడు. భుజం మీద పచ్చి పుండు. దాని అంచుల్లో అరచేతి వెడల్పున నల్లగా గట్టిపడిన కాయ.

"పుండు ఈ మూడు రేత్రులది. కాయ మా ఊరిదమ్మా. పురిటోల్లని, పాము కరిసినోల్లని మోసి మోసి కాసింది."

తర్వాత నింపాదిగా చెప్పుకొచ్చాడు. గుడారం గుంజ పీకారట. నీళ్ల డబ్బా గుంజకే కట్టారట. పొద్దు పోయాక నడక, పగలంతా ఆ దుప్పటి నీడనే ముగ్గురూ. భుజం మొద్దుబారితే ఒకడు కూతేస్తాడు, ఇద్దరూ నడక ఆపకుండానే భుజం మార్చుకుంటారు. ఎంత దూరమో అతనికి తెలీదు. వాళ్ల ఊరి నుంచి తారురోడ్డుకు అయిదు మాట్లు వెళ్లినంత అన్నాడు.

ఆఫీసరు కలం ఆగింది. ఆ మనిషిని వదిలేస్తే మీరిద్దరూ త్వరగా బయటపడేవారు కదా, ఎందుకు వదల్లేదని అడిగాడు. ఆ మాట తెలుగులోకి మార్చడానికే గాయత్రికి సిగ్గేసింది.

భీముడు వింతగా చూశాడు. "ఎత్తుకున్నాక తోవలో ఒగ్గీడం మా కాడ నేదమ్మా. డోలీ ఎక్కినోడు ఎవుడో, ఎలాటోడో సూడం. రోడ్డు కాడే దించడం."

గాయత్రికి ఇది కొత్త కాదు. నెలకోసారైనా కళ్లెదుట పోయే డోలీయే. మోసేవాళ్ల ముఖంలోకి ఏనాడూ తేరిపార చూడలేదు. ఈ భీముడి ముందు తాను కూర్చున్న కొండ కూడా చిన్నదనిపించింది. అక్షరం పోకుండా ఆఫీసరుకు చెప్పింది.

ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నమ్ముతున్నానన్నాడు. ఇక ఒక్క ప్రశ్నే మిగిలిందన్నాడు. సొంత దేశానికి తిరిగి వెళ్తే ప్రాణభయం ఉందా? అవునంటేనే ఆశ్రయం.

అవునని చెప్పు నాయనా అని మనసులో మొక్కుకుంటూ అడిగింది గాయత్రి.

"మా ఊరెల్లడానికి బయమేటమ్మా?" అన్నాడు భీముడు. "కాపీ పళ్లు ఎర్రబడిపోయుంటాయి. మా ఇంటిది దేముడమ్మ ఒక్కర్తీ ఎన్నని కోస్తాది? నన్నూ పల్గుణునీ బేగి పంపించీమని సెప్పు."

అయోమయంలో, తాను దుబాసీనన్న మాట మరిచి గాయత్రే అడిగేసింది. "మరి ఈ ఆశ్రయం ఎవరికి, అన్నా?"

"ఆ ఆసుపత్రిలో ఉన్నోడికి. ఆడి ఊరు బుగ్గిపాలైపోనాది. ఎక్కడికెల్తాడు పాపం?"

"మీతో ఒంటెలు కాసినోడేనా?"

"కాదమ్మా," అన్నాడు భీముడు. "మమ్మల్ని కొట్టంలో ఎట్టి తాళమేసినోడే."