తక్కువ వడ్డీ

దర్జీని నేను. కొత్త మిషన్ల కోసం ఇల్లు తాకట్టు పెట్టాలని ఊళ్లో ముగ్గురు వడ్డీ వ్యాపారుల దగ్గర వాకబు చేశాను. ఇద్దరు పన్నెండు శాతం దగ్గర బిగుసుకున్నారు. మూడో ఆయన ఎనిమిదికే సై అన్నాడు. చౌకంటే మా ఆవిడకి అనుమానం; ఆ మాటకొస్తే నేను నవ్వినా అనుమానమే.

ఆయన భార్యతో కలిసి ఇల్లు చూడటానికి వచ్చాడు.

"వాయిదా తప్పితే ఏం చేస్తారన్నయ్యా?" అని మా ఆవిడ నిలదీసింది.

"అబ్బే, మనలో మనకి అవన్నీ ఎందుకమ్మా!"

ఈలోగా ఆయన భార్య నా టేపు తీసుకుని మా కిటికీలు కొలుస్తోంది. "పరదాలు కుట్టిపెడతారా?" అంది. గిరాకీ కదా, కొలతలు గబగబా రాసుకున్నాను.

"మీ కిటికీలూ ఇంతేనా అమ్మా?" అన్నాను.

ఆమె భర్త ముఖం చూసింది. ఆయన గోడ ముఖం చూశాడు. మా ఆవిడ ఇంటి దస్తావేజు బీరువాలో పెట్టి తాళం వేసింది.