బూజుకర్ర

"మూడో పార్టీని కూడా వద్దన్నారట! ఏం బాబాయిగారూ, మా ఫ్లాట్ అమ్ముడుపోకూడదనా మీ పంతం?"

గదులు దులుపుతున్న బూజుకర్రతోనే ఆమె మెట్లెక్కి వచ్చి, పై ఫ్లాట్ పెద్దాయన మీద విరుచుకుపడింది. ఆ సొసైటీకి ఆయనే ప్రెసిడెంటు. కొనేవాళ్లను ఆయన పిలిచి మాట్లాడి, సరేనంటేగానీ అమ్మకం కుదరదు.

"కూర్చో తల్లీ."

"కూర్చోడానికి రాలేదు. వాళ్లలో ఏం వంక కనబడింది?"

"పైనుంచి కుర్చీ లాగే చప్పుడొస్తే ఏం చేస్తారని అడిగా. ముగ్గురూ సర్దుకుపోతామన్నారు."

"అలా చెప్పమని నేనే నూరిపోసి పంపా! రోజూ తెల్లారేసరికి మీ కుర్చీ గరగరలాడితే, ఈ కర్రతో పైకప్పు పొడిచి పొడిచి నా చేతులు పడిపోతున్నాయి. సర్దుకుపోయేవాళ్లు దొరకడం మీ అదృష్టం కాదూ?"

పెద్దాయన కర్రకేసి చూశాడు.

"మీ పిన్ని పోయాక, పొద్దున్నే పలకరించే మనిషి లేదమ్మా. ఓరోజు కుర్చీ జరిపితే కిందినుంచి నువ్వు టకటకా కొట్టావు. నేను లేచిన సంగతి ఒకరికి తెలిసింది కదా అనిపించింది. అప్పట్నుంచీ కావాలనే లాగుతున్నా. సర్దుకుపోయేవాళ్లు కొట్టరు కదా."

ఆమె మెట్లు దిగుతూ బ్రోకరుకు ఫోన్ చేసింది.

"రేపొచ్చేవాళ్లకి చెప్పు. పైన చప్పుడైతే ఊరుకోం, కర్రతో కొడతాం అనాలి."

"బేరం చెడుతుంది మేడమ్!"

"చెప్పింది చెయ్యవయ్యా!" అని కసిరింది. ఓ మెట్టు దిగి ఆగింది. "ఫ్లాట్‌తో పాటు బూజుకర్ర కూడా ఇచ్చేస్తానను."