టర్బోలో గాలి

"కారు టర్బో పాడుచేసింది. ఇదిగో, ఈవిడగారే" అంటూ హాజీ లహ్సేన్ తన కూతురు ఇత్తోని ఖనిఫ్రా పట్నంలో గ్యారేజీ మధ్యలో నిలబెట్టాడు. పుదీనా టీ తాగుతున్న టాక్సీ డ్రైవర్లంతా తలలు తిప్పి చూశారు.

ఇత్తో సిగ్గుతో చచ్చిపోయింది. "నేను నడిపితే బాగానే లాగుతోంది నాన్నా" అంది నెమ్మదిగా.

"ఇన్నేళ్లు టాక్సీ తోలినవాడికి పాఠం చెబుతోంది. మోహా, నువ్వే తేల్చు. టర్బో పోయిందంటే తాళం ఇక దీనికివ్వను. ఆస్పత్రికి గాడిద మీద వెళ్తుంది."

డ్రైవర్లు నవ్వారు. కొండ మీది ఊళ్లో ఇత్తో నర్సు. అక్కడికి బస్సు లేదు. కారు లేకపోతే ఉద్యోగం వదులుకోవాల్సిందే.

మెకానిక్ మోహా, ఇంజన్లోకి గాలి నెట్టే టర్బో గొట్టానికి ప్రెషర్ మీటరు తగిలించి, మీటరును కిటికీలోంచి లోపలికి లాక్కుని ముందు సీట్లో కూర్చున్నాడు. నిలబెట్టిన బండిలో టర్బో బలం తెలియదు. ఎత్తెక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. స్టీరింగు హాజీ పట్టాడు. ఇత్తో వెనక సీట్లో ముడుచుకుని కూర్చుంది.

కొండ దారిలో బండి మూలగడం మొదలుపెట్టింది.

"తొక్కు హాజీ."

"తొక్కుతూనే ఉన్నాను."

"పూర్తిగా తొక్కు."

"ఇంకెక్కడికి తొక్కను? అడుక్కంటా నొక్కి పట్టాను."

మీటరు ముల్లు సగం కూడా దాటలేదు. వెనక గొర్రెల లోడుతో వస్తున్న లారీ హారన్ కొట్టి మరీ దాటిపోయింది.

హాజీ బండి పక్కకు ఆపి దిగాడు. జూలై మధ్యాహ్నం, తారు కరిగి మెరుస్తోంది. కూతుర్ని కూడా దింపి, ఎండలో నిలబెట్టి తిట్టాడు. "పరువు తీశావు. గొర్రెలు కూడా మనల్ని దాటిపోయాయి. నీ దగ్గరున్న రెండో తాళం ఇటివ్వు."

ఇత్తో తల వంచుకుని బ్యాగులోంచి తాళం తీసి ఇచ్చింది.

ఈలోగా మోహా లోపల వంగి, యాక్సిలరేటర్ కింద ఇరుక్కున్నదేదో బయటికి లాగాడు. పసుపు తోలు చెప్పు. హాజీ వీపు వెనక నుంచి దాన్ని ఎత్తి చూపించి, టర్బోకి ఏమీ కాలేదన్నట్టు ఇత్తోకి సైగ చేశాడు.

ఇత్తోకి నవ్వొచ్చింది. తండ్రి కాళ్ల వైపు చూసింది. కుడికాలికి చెప్పు లేదు. మసిలే తారు మీద పాదం మొత్తం ఆనించి, కదలకుండా నిలబడి ఉన్నాడు.

వారం వారం షుగరు రోగుల పాదాలకు స్పర్శ ఉందో లేదో తడిమి చూసే నర్సు, ఇంట్లో ఉన్న పాదాన్ని ఒక్కసారీ తాకి చూడలేదు. ఇందాకటి సిగ్గు దీని ముందు ఏపాటిది.

"నాన్నా, కాలు కాలడం లేదా?"

"ఎందుకు కాలుతుంది?" హాజీ విసుక్కున్నాడు. "చెప్పులు వేసుకునే ఉన్నానుగా."